బాలనాగమ్మ భయపడదు!

రాత్రి బువ్వలు తొందరగా ముగించుకుని వచ్చి జాగా పట్టుకోవాలి. ముందు వరసంతా పిల్లలదే. గోనెసంచులు, బొంతలు పరిచి ఒకరి మీద ఒకరు పడి కూర్చుంటారు. వాళ్ల వెనక ఆడవాళ్లు. అరుగుల మీద, కట్టల మీద పెద్దమనుషులు. హార్మోనియం శ్రుతి కలుస్తుంది. మద్దెల మీద దెబ్బ పడుతుంది. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకున్న తెర వెనకనుంచి కిరీటం తళుక్కుమంటుంది...

పాలమూరు పల్లెల్లో బాగోతం మొదలయ్యే తీరు ఇదే. ఇక తెల్లారేదాకా ఆట. అందులోనూ ఆడేది 'బాలనాగమ్మ' అయితే నిద్రకాగలేక ఇంటికి పోయేవాళ్లు బహు తక్కువ.

చిత్రమేమిటంటే, అక్కడ కూర్చున్న అందరికీ కథ తెలుసు. ఫకీరు బిచ్చానికి వస్తాడని తెలుసు. బాలనాగమ్మను కుక్కగా మార్చి పట్టుకుపోతాడని తెలుసు. చిలక మెడ విరిస్తే చస్తాడని పాలు మరవని పిల్లాడికి కూడా తెలుసు. మరి రాత్రంతా మేలుకుని చూసేదేమిటి? మనుషుల్ని! ఫకీరు ఈసారి ఎలా నవ్వాడు, బాలనాగమ్మ ఎలా జవాబు చెప్పింది, సంగు ఎంత గడుసుగా మూతి తిప్పింది... మర్నాడు బోరింగు దగ్గరా హోటలు బల్లల మీదా నడిచే ముచ్చటంతా ఈ పాత్రల గురించే. కథను ఎవరూ పట్టించుకోరు. అది వాళ్ల ఇంటి సొత్తు.

నిజంగానే ఇంటి సొత్తు. ఎందుకంటే బాలనాగమ్మ పుట్టినిల్లు పానుగల్లు. ఆ పేరుతో ఒక కోట వనపర్తి జిల్లాలోనే ఉంది. పానగల్లు గుట్టల మీది ఈ కోట చరిత్రలో చిన్నదేమీ కాదు. పదిహేనో శతాబ్దపు తొలి రోజుల్లో బహమనీ సుల్తాను ఫిరోజ్ షాకూ విజయనగర రాజులకూ మధ్య పెద్ద పోరుకు కారణమైన కోట. ఆ యుద్ధం సంగతి పుస్తకాల్లో చదువుకున్నవాళ్లకే తెలుసు. బాలనాగమ్మ సంగతి గొర్రెలు కాసే పిల్లాడికీ తెలుసు. నల్గొండ పక్కనా ఒక పానగల్లు ఉంది కాబట్టి, అసలు పానుగల్లు ఏదన్న తగువు తెగేది కాదు. జానపద కథకు సర్వే నంబర్లు వెతకడమూ తగదు. కానీ ఊరి పేరు కలిస్తే చాలు, అక్కడి జనానికి ఆ రాజకుమారి ఆడబిడ్డ అయిపోతుంది. ఆమెకు కష్టమొస్తే ఊరికి కష్టమొచ్చినట్టే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇప్పుడు మూడు జిల్లాలు. 2016 అక్టోబరు 11 దాకా మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. ఇది సంస్థానాల సీమ. గద్వాల, వనపర్తి, కొల్లాపురం కేంద్రంగా జటప్రోలు. పండితులను ఆదరించడంలో గద్వాలకు 'విద్వద్గద్వాల' అన్న బిరుదే ఉంది. కోట లోపల శ్లోకాలకు, పద్యాలకు సన్మానాలు జరిగితే, కోట బయట వీధుల్లో దరువులు మోగేవి. లోపలివాళ్ల పేర్లు గ్రంథాలకెక్కాయి. బయటివాళ్ల పేర్లు వాళ్ల వేషాలతోపాటే కడుక్కుపోయాయి. ఈ నేలకే చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసినప్పుడు రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి జనం తిండికీ బట్టకూ ఆటపాటలకూ పెద్దపీట వేశారు. తెలుగులో తొలి సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ఆ పుస్తకానికే దక్కింది.

సరే, కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. పానుగల్లు రాజు నవభోజుడు. భార్య భూలక్ష్మి. మునివరంతో ఏడుగురు ఆడపిల్లలు పుడతారు. చివరిది బాలనాగమ్మ. తల్లి పోతుంది. సవతి తల్లి మాణిక్యాలదేవి మాట విని తండ్రి బిడ్డలను అడవిపాలు చేస్తాడు. ఏడుగురినీ ఏడుగురు అన్నదమ్ములు పెళ్లాడతారు. బాలనాగమ్మ భర్త కార్యవర్ధి రాజు. కొడుకు బాలవర్ధి ఉయ్యాలలో ఉండగానే మాయల ఫకీరు ఆమెను నాగళ్లపూడి గట్టుకు ఎత్తుకుపోతాడు. వెతకడానికి పోయిన మగవాళ్లంతా రాళ్లయిపోతారు. కొడుకు పెరిగి పెద్దవాడై, ఏడు సముద్రాల అవతల చిలకలో దాచిన ఫకీరు ప్రాణాన్ని పట్టుకొచ్చి తల్లిని విడిపిస్తాడు. అంతే కథ.

ఇక మనుషుల సంగతికి వద్దాం.

యక్షగానంలో పాత్ర ఎలాంటిదో చెప్పడానికి ఒక సులువైన ఏర్పాటు ఉంది. పాత్ర తెర తీసుకుని రాగానే ప్రవేశ దరువు పాడుతూ చిందేస్తుంది. సూత్రధారుడు ఎదురెళ్లి 'ఎవరయ్యా తమరు, ఏ ఊరు, ఏం పని మీద వచ్చారు' అని ఆరా తీస్తాడు. పాత్ర తన గొప్పలు తానే చెప్పుకుంటుంది. కొత్తగా చూసేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. రాజు తన పేరు తానే చెప్పుకోవడమేమిటని నవ్వొస్తుంది. కానీ కాస్త గమనిస్తే ఇందులో గమ్మత్తు తెలుస్తుంది. ఎవడు తన గురించి ఎలా చెప్పుకుంటాడో, వాడు అలాంటి మనిషి. నవభోజుడు తన సిరిసంపదలు ఏకరువు పెడతాడు. కార్యవర్ధి తన పరాక్రమం చెబుతాడు. ఫకీరు తన మంత్రాల లెక్క చెబుతాడు. బాలనాగమ్మ మాత్రం అక్కల పేర్లు చెబుతుంది, అత్తింటివాళ్ల పేర్లు చెబుతుంది, చివరికి తన పేరు చెబుతుంది. ఆ వరస చాలు, ఆమె ఎవరో తెలియడానికి.

సినిమా చూసి బాలనాగమ్మను తెలుసుకున్నవాళ్లు ఆమెను కన్నీళ్ల బొమ్మగా గుర్తుపెట్టుకున్నారు. బాగోతంలో ఆమె అంత తేలిగ్గా ఏడవదు. ఎత్తుకొచ్చిన మొదటి రాత్రి ఒక దరువు దుఃఖానికి. అంతే. ఆ తర్వాత ఆమె ఆలోచిస్తుంది. ఎదుట ఉన్నవాడు రాయిని మనిషినీ, మనిషిని రాయినీ చేయగలవాడు. కత్తి పట్టి గెలిచేది కాదు. పారిపోతే దారి తెలియదు. అప్పుడు ఆమెకు తోచిన ఉపాయం... వ్రతం! 'నాకు నోము ఉంది. అది తీరేదాకా నన్ను ముట్టుకోరాదు. ముట్టుకుంటే నువ్వే నష్టపోతావు' అంటుంది. పన్నెండేళ్లని కొందరు, పద్నాలుగేళ్లని కొందరు పాడతారు. ఎన్నేళ్లయితేనేం, అన్నేళ్లూ అతన్ని ఆమడ దూరంలో నిలబెట్టింది మంత్రం కాదు, మాట.

ఇక్కడే చూసే ఆడవాళ్లు కళ్లార్పరు. ఎందుకంటే ఇది వాళ్లకు తెలిసిన విద్య. తాగొచ్చిన మొగుడిని మాటల్లో పెట్టి పండబెట్టడం, అప్పులవాడిని 'రేపు రండి' అని నవ్వుతూ పంపించడం, దొర గడీ ముందునుంచి తల దించుకుని నడుస్తూనే తప్పించుకోవడం... బలం లేనివాళ్లకు కాలమే ఆయుధం. బాలనాగమ్మ యుద్ధం చేయదు, వాయిదా వేస్తుంది. సీతతో ఆమెను పోల్చేవాళ్లున్నారు. బైరాగి వేషం, బిచ్చం, అపహరణ... పోలికలు ఉన్నాయి, కాదనలేం. తేడా ఒకటుంది. సీత రావణుడి ముందు గడ్డిపోచ పెట్టి మాట్లాడింది. బాలనాగమ్మ ఫకీరుతో నేరుగా, ఇంటి మనిషిలా మాట్లాడుతుంది. అబద్ధాలూ చెబుతుంది. పతివ్రత అబద్ధం ఆడవచ్చా అన్న ప్రశ్న పండితులకు రావాలి కానీ బాగోతం చూసేవాళ్లకు ఎన్నడూ రాలేదు.

ఈ పాత్రను పల్లెల్లో చాలాకాలం మగవాళ్లే కట్టారు. పొద్దున నాగలి పట్టినవాడే రాత్రి చీర కట్టి కొడుకు కోసం కుమిలిపోయేవాడు. అందులో వింతేమీ కనిపించేది కాదు ఊరివాళ్లకు. చిందు కళాకారుల కుటుంబాల్లో మాత్రం ఆడవాళ్లే వేషం కట్టడం ఉంది. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ ఆ పరంపరకు పేరు తెచ్చిన మహానటి. ఆమె 2005లో కన్నుమూశారు.

ఫకీరుకు ఈలలు ఎందుకు?

ఆటకు పేరు బాలనాగమ్మదే. కానీ ఆటను మోసేది మాయల ఫకీరు. ఊళ్లో మంచి గొంతు, మంచి ఒడ్డూపొడుగూ ఉన్నవాడికే ఈ వేషం ఇస్తారు. అతను రాకముందే మద్దెల తీరు మారుతుంది. ముందు వరసలో పిల్లలు నిశ్శబ్దంగా వెనక్కి జరుగుతారు. అంతసేపూ ఊగుతూ తూగుతూ ఉన్న ముసలాళ్లు కూడా సర్దుకుని కూర్చుంటారు.

ఎందుకంత ఇష్టం, అంత దుర్మార్గుడి మీద? రాజులందరూ ఒకే తీరున ఉంటారు. కిరీటం తీసేస్తే ఎవరెవరో గుర్తుపట్టలేం. ఫకీరు అలా కాదు. అతనికి కోపముంది, హాస్యముంది, ఆశ ఉంది, అన్నిటికీ మించి ఒంటరితనముంది. సముద్రాలు దాటించగల మంత్రాలు తెలిసినవాడు ఒక ఆడమనిషి చేత 'సరే' అనిపించుకోలేక గుమ్మం ముందు ఏళ్ల తరబడి పడిగాపులు పడతాడు. కావాలంటే ఆమెను మళ్లీ కుక్కను చేయగలడు, రాయిని చేయగలడు. కానీ అతనికి కావలసింది అది కాదు. ఇష్టపడి రావాలి! దొంగతనంగా ఎత్తుకొచ్చి, ఇష్టపడమని ఎదురుచూడటం... మూర్ఖత్వానికి ఇంతకన్నా మంచి బొమ్మ మన జానపదంలో మరొకటి కనిపించదు.

ఈ పాత్ర మొత్తానికి గుండెకాయలాంటి సన్నివేశం ఒకటుంది. ప్రాణరహస్యం చెప్పే ఘట్టం. మామూలుగా చూస్తే ఫకీరు తెలివితక్కువతనం అనిపిస్తుంది. ఎవరికీ చెప్పకూడని సంగతి, పైగా బందీగా ఉన్న మనిషికి ఎలా చెప్పాడు? బాలనాగమ్మ అడిగిన తీరులో ఉంది జవాబు. 'నీ ప్రాణం ఎక్కడుందో చెప్పు' అని ఆమె అడగదు. 'నిన్నే నమ్ముకుందామనుకుంటున్నాను, రేపు నీకేమైనా అయితే నా గతేమిటి' అంటుంది. అన్నేళ్ల జీవితంలో 'నీకేమైనా అయితే' అని ఫకీరును అడిగిన మనిషే లేరు. అందరూ అతని చావు కోరినవాళ్లే. ఒక్కసారి ఆ మాట వినగానే కరిగిపోతాడు. మంచి నటుడైతే ఇక్కడ వెంటనే పాట ఎత్తుకోడు. ఒక్క క్షణం ఆగుతాడు. హార్మోనియం సన్నగా పలుకుతూ ఉంటుంది. ఆ క్షణం పాటు జనం కూడా అతని పక్షమే. ఆ తర్వాత అతను మర్రిచెట్టు, తొర్ర, చిలక అని ఒక్కొక్కటే చెప్పేస్తుంటే 'చెప్పకురా' అని ఎవరో ఒకరు వెనకనుంచి అనకుండా ఉండరు.

మాయల ఫకీరు పేరు గురించి ఒక మాట. 1942లో జెమినీ వాళ్లు తీసిన 'బాలనాగమ్మ' సినిమాలో ఇతను 'మాయల మరాఠీ' అయ్యాడు. ఎస్.ఎస్.వాసన్ నిర్మాత, సి.పుల్లయ్య దర్శకుడు. కాంచనమాల బాలనాగమ్మ. మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు అదరగొట్టారు. 1959 సినిమాలో ఎన్టీఆర్ కార్యవర్ధి, అంజలీదేవి బాలనాగమ్మ. మాంత్రికుడు మళ్లీ మాయల మరాఠీయే, వేసింది ఎస్వీ రంగారావు. వీధిలో ఫకీరు, తెర మీద మరాఠీ! పేరు ఏదైనా సూత్రం ఒక్కటే. ఎక్కడినుంచో వచ్చిన, ఊరూ పేరూ తెలియని దేశదిమ్మరి. అతని మతాన్ని చూసి జనం భయపడ్డారనుకుంటే పొరపాటు. ఇదే ఊళ్లలో పీర్ల పండుగకు అన్ని కులాలవాళ్లూ గుండం చుట్టూ అలాయ్ ఆడతారు, దర్గాకు పోయి కందూరు చేస్తారు. జనానికి కోపం ఫకీరు మీద కాదు, ఫకీరు వేషం మీద. బిచ్చం వేయడానికి బయటికొచ్చిన ఇల్లాలిని, ఆ ధర్మబుద్ధినే ఎర చేసి పట్టుకున్నాడే... అది క్షమించరు. గుమ్మం ముందు నిలిచినవాడిని పొమ్మనలేని పల్లెకు అంతకన్నా ద్రోహం లేదు.

ఫకీరును అర్థం చేసుకోవాలంటే సంగును చూడాలి. సంగు అతని వెంట ఉండే మనిషి. సినిమాలో పుష్పవల్లి వేసిన పాత్ర. ఈమెను అందరూ నవ్వుల కోసం వాడుకుంటారు. గయ్యాళి, అసూయాపరురాలు, మూతివిరుపుల మనిషి. నిజానికి నాగళ్లపూడి గట్టు మీద కాస్త బుర్ర ఉన్నది ఈమెకే. బాలనాగమ్మ వ్రతం అబద్ధమని మొదట పసిగట్టేది సంగు. చెబుతుంది కూడా. కానీ చెప్పింది సంగు కాబట్టి ఫకీరు నమ్మడు. ఈర్ష్యతో అంటున్నావులే అని కసురుకుంటాడు. నిజం చెప్పే మనిషికి ఈర్ష్య కూడా ఉంటే, ఆ నిజం విలువ పోతుందన్నమాట! కాలమంతా చాకిరీ చేసింది తాను. వాకిట్లో కూర్చుని పూజలు చేసేది మరొకతె. ఆయన ఎదురుచూసేది ఆ మరొకతె కోసం. సంగు వేషగాడు కేవలం నవ్వించి వదిలేస్తే ఆట సగమే పండినట్టు. మంచి సంగు నవ్విస్తూ నవ్విస్తూ ఒకచోట చప్పున ఆగి చెంగుతో ముఖం తుడుచుకుంటుంది. అంతసేపూ నవ్విన ఆడవాళ్లలో కొందరి నవ్వు అక్కడితో ఆగిపోతుంది.

రాయైన రాజు... పూలమ్మే అవ్వ

కార్యవర్ధి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు పాపం. కథానాయకుడే. భుజకీర్తులు, కిరీటం, గంభీరమైన దరువు అన్నీ ఉన్నాయి. ధైర్యంగా బయల్దేరతాడు, గట్టు చేరతాడు, రాయైపోతాడు. ఆ తర్వాత ఆట చివరిదాకా అతనికి పనిలేదు. ఈ వేషం కట్టినవాడు తెర వెనక్కి పోయి ఒక నిద్ర తీసి రావచ్చు. అయినా ఒక్క మాట అతని తరఫున చెప్పాలి. అతను సైన్యాన్ని పంపి తాను ఇంట్లో కూర్చోలేదు. నవభోజుడికన్నా ఆ మేరకు నయం. భార్య పోగానే మరో పెళ్లి చేసుకుని, ఆమె మాట మీద ఏడుగురు కన్నబిడ్డలను అడవిలో వదిలిన ఆ తండ్రిని ఏ సూత్రధారుడూ నిలదీయడు. తిట్లన్నీ మాణిక్యాలదేవికే. సవతి తల్లి పాత్ర మన కథల్లో పుట్టుకతోనే దోషి. ఆమె ఎందుకు అలా చేసిందో చెప్పుకోవడానికి ఒక్క దరువూ ఇవ్వలేదు కవులు. 'సారంగధర'లో చిత్రాంగికి దక్కినంత చోటు కూడా ఈమెకు దక్కలేదు. ఆ లోటు ఇప్పటికీ లోటే.

తంబళి పెద్ది మాత్రం వచ్చేది కాసేపే అయినా మనసు దోచుకుపోతుంది. ఫకీరు కోటకు రోజూ పూలదండలు ఇచ్చే ముసలవ్వ. కటిక పేద, నా అన్నవాళ్లు లేరు. ఫకీరంటే హడల్. అలాంటి మనిషి గుడిసె ముందుకు బాలవర్ధి వచ్చి 'అవ్వా' అంటాడు. ఆ ఒక్క పిలుపుకు ఆమె తన ప్రాణభయాన్ని మూట కట్టి అవతల పెడుతుంది. మనవడని చెప్పి దాచిపెడుతుంది. పూలలో ఉంగరం పెట్టి తల్లికి ఆనవాలు పంపడానికి ఈ గుడిసే దారి చూపిస్తుంది. గమనించండి... ఈ కథలో రాజులు, సైన్యాలు, గుర్రాలు ఏవీ పనిచేయలేదు. పనిచేసింది పూలమ్మే అవ్వ, పిల్లాడు, బందీగా ఉన్న ఇల్లాలు. బాగోతం ఆడేవాళ్లూ చూసేవాళ్లూ ఎవరో తెలిస్తే ఇందులో ఆశ్చర్యం ఉండదు.

ఈ అవ్వ సముద్రాలు కూడా దాటింది. బొంబాయి గవర్నరు బార్టిల్ ఫ్రెరె కూతురు మేరీ ఫ్రెరె, తన దగ్గరున్న అన్నా లిబరాటా డిసౌజా అనే ఆయా చెప్పిన కథలను 1868లో 'ఓల్డ్ డెక్కన్ డేస్' పేరుతో అచ్చు వేయించింది. ఆ ఆయాకు అవి వాళ్ల అవ్వ చెప్పినవి. అందులో మొదటి కథ పేరు 'పంచ్‌కిన్'. ఏడుగురు రాజకుమార్తెలు, సవతి పోరు, ఫకీరు వేషంలో వచ్చిన మాంత్రికుడు, నల్ల కుక్కపిల్లగా మారిన చిన్న కూతురు, రాళ్లయిన మగవాళ్లు, తోటమాలి భార్య, పూలలో ఉంగరం, పంజరంలో చిలక... అంతా మన కథే! ఆ చిన్న కూతురి పేరు 'బల్న'. 'బాల' అన్న మన ముక్క ఆ పేరులో వినిపించడం లేదూ? జేమ్స్ ఫ్రేజర్ తన 'గోల్డెన్ బౌ'లో, ప్రాణాన్ని ఒంటికి బయట దాచుకునే కథలకు ఉదాహరణగా ఈ పంచ్‌కిన్‌ను చెప్పాడు. రష్యన్ కథల్లో కొషేయ్ అనే మాంత్రికుడికి ప్రాణం గుడ్డులో ఉంటుంది. గుడ్డు బాతులో, బాతు కుందేలులో!

కథ అంతటా ఒకటే, మనుషులే వేరు. ఇంగ్లీషు పుస్తకంలో పంచ్‌కిన్ కేవలం దుష్టుడు. అతనికి సంగు లేదు. పుస్తకంలో కథ చదివేస్తాం. వీధిలో అతన్ని రాత్రంతా భరించాలి. ఒక మనిషిని రాత్రంతా చూస్తూ కూర్చుంటే అతను ఎంత చెడ్డవాడైనా కొంచెం అర్థమవుతాడు. తేడా అంతా అక్కడే వచ్చినట్టుంది.

ఇక బాలవర్ధి. ఈ పాత్ర దగ్గర పాలమూరు ఆగిపోతుంది.

పిల్లాడు పెద్దతల్లుల దగ్గర పెరుగుతాడు. వాళ్లే అమ్మలనుకుంటాడు. ఒకరోజు ఆటలో తోటి పిల్లలతో గొడవ. ఎవడో నోరు జారతాడు, 'నీకు తల్లే లేదు పో' అని. ఇంటికొచ్చి అడుగుతాడు, నా తల్లి ఎక్కడని. పెద్దతల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మామూలుగా ఈ వేషం పది పన్నెండేళ్ల పిల్లాడిది. గొంతు ఇంకా పగలని వయసు. అడిగేది చిన్న దరువే.

కరువుకు, వలసకు పెట్టింది పేరైన సీమ ఇది. 'పాలమూరు లేబర్' అన్న మాట దేశమంతా తెలుసు. ఆనకట్టలు, కాలువలు, బొంబాయి మేడలు... మట్టి పని ఎక్కడుంటే అక్కడికి మేస్త్రీల వెంట బండెక్కిన తరాలు. చంకపిల్లను తీసుకుపోయి, కాస్త నడిచే పిల్లాడిని అవ్వ దగ్గర వదిలి పోయిన తల్లులు ఎందరో. తిరిగొచ్చేసరికి పిల్లాడు గుర్తుపట్టక అవ్వ కొంగు వెనక దాక్కున్న ఇళ్లు ఎన్నో. అలాంటి ఊళ్లో, ఎండాకాలం రాత్రి, నెలల తర్వాత ఇంటికొచ్చిన తల్లి జనంలో కూర్చుని ఉండగా, రంగం మీద పిల్లాడు 'నా తల్లి ఎక్కడ' అని అడిగితే, దాన్ని నటన అని ఎవరు అంటారు? బాలవర్ధి పైకం పళ్లెంలో చిల్లర ఎక్కువగా రాలేది ఇక్కడే. రెక్కల కష్టం కొంగుముడి విప్పుకుని పడేది ఇక్కడే.

అందుకే కాబోలు ఈ పాత్రకు బాగోతంలో పిల్లచేష్టలు లేవు. అతను తల్లిని వెతకడానికి పోతున్నప్పుడు వీరుడిలా మాట్లాడడు. దారిలో ఎవరు కనిపించినా ముందు అమ్మ ఆనవాళ్లు అడుగుతాడు. తల్లిని ఎన్నడూ చూడలేదు కాబట్టి ఆనవాళ్లు కూడా పెద్దతల్లులు చెప్పినవే. తల్లి ఎదురైనప్పుడు వెంటనే వాటేసుకోరు ఇద్దరూ. ఆమెకు అనుమానం, ఇది ఫకీరు మాయేమోనని. అన్నేళ్లు మాయల మధ్య బతికిన మనిషి కన్నకొడుకును కూడా పరీక్షించకుండా నమ్మదు. ఉంగరం చూశాకే ఆమె మోకాళ్లు వంగుతాయి.

వీధిలోంచి థియేటర్‌కు పోయినప్పుడు ఈ కథకు హంగులు పెరిగాయి. 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి నాటక సమాజాల వాళ్లు బాలనాగమ్మను ట్రిక్కులతో, రంగురంగుల తెరలతో చూపించి జనాన్ని నోరెళ్లబెట్టేలా చేశారు. (జటప్రోలు రాజుల ఇంటిపేరు కూడా సురభే. రెంటికీ సంబంధం లేదు. చాలామంది పొరబడతారు.) మాయలు చూడాలంటే సురభి, మనుషుల్ని చూడాలంటే వీధి బాగోతం అని స్థూలంగా చెప్పుకోవచ్చు. సురభివాళ్లు కోప్పడకపోతే!

ఇప్పుడు తెల్లవార్లూ ఆడే ఆటలు తగ్గిపోయాయి. కళాకారులకు గుర్తింపు రాలేదని కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్యకు, బుర్రవీణకు నారాయణపేట జిల్లా దాసరి కొండప్పకు పద్మశ్రీలు దక్కాయి. సంతోషమే. కానీ సభల్లో, ఉత్సవాల్లో ఆటకు ఇచ్చే సమయం గంట. ఒక్కోసారి ఇరవై నిమిషాలు. రాత్రంతా ఆడే ఆటను గంటకు కుదించాలంటే దేన్ని కొయ్యాలి? కథను కొయ్యలేరు, అర్థం కాకుండా పోతుంది. ఫకీరును కొయ్యలేరు, జనం ఒప్పుకోరు. కాబట్టి ముందు తంబళి పెద్ది పోతుంది. తర్వాత సంగు పోతుంది. ఫకీరు గుమ్మం ముందు కాచుకునే ఘట్టం పోతుంది. బాలనాగమ్మ వాయిదాలు పోతాయి. ఇంక మిగిలేది... ఎత్తుకుపోవడం, ఏడవడం, చిలక మెడ విరవడం. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. కథ తెలిసింది కదా అనుకుంటారు.

పూర్తి ఆట చూసినవాళ్లకు చివరి ఘట్టం మరోలా గుర్తుంటుంది. తూర్పున తెల్లగీత పడుతుంటుంది. బాలవర్ధి చేతిలో చిలక. ఒక రెక్క విరిస్తే ఫకీరు చెయ్యి వాలిపోతుంది. రెండో రెక్కకు రెండో చెయ్యి. కాలు విరిస్తే కుంటుతూ ముందుకొస్తాడు, ఇంకో కాలికి కూలబడతాడు. అప్పుడు కూడా అతని చూపు చిలక మీద ఉండదు, బాలనాగమ్మ వైపు ఉంటుంది. నమ్మినందుకు ఇదా అన్నట్టు. ఆమె ముఖం తిప్పుకోదు. మెడ విరుగుతుంది, మద్దెల ఆగుతుంది. రాళ్లు మనుషులవుతారు. కార్యవర్ధి నిద్రకళ్లతో తెర వెనకనుంచి పరుగున వస్తాడు. మంగళహారతి పాడుతుండగానే జనం బొంతలు దులుపుకుని లేస్తారు.

కాసేపటికి తొట్టి దగ్గర ఫకీరు ముఖం కడుక్కుంటుంటాడు. రంగు సగం పోయి సగం మిగిలి ఉంటుంది. చేతిలోకి ఎవరో చాయ్ గ్లాసు తెచ్చిస్తారు. దూరంగా ఒక పిల్లాడు గోడకు ఆనుకుని అతన్నే చూస్తూ నిలబడతాడు. అతను నవ్వి 'ఇటు రా బిడ్డా' అంటాడు. పిల్లాడు పరుగో పరుగు.